కొండమీద సంత, కొండకింద కోర్టు

బొర్రా గుహలు చూడని వాళ్ళు మనలో తక్కువ. విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ వెళ్ళే రైలెక్కి, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతుంటే పులిహోర పొట్లాలు విప్పుకుంటాం. గుహలోకి దిగి శివలింగానికి దండం పెట్టుకుని, అరకులో కాఫీపొడి, కాసిని పిప్పళ్ళు కొనుక్కుని ఇంటికొచ్చేస్తాం. ఆ గుహల చుట్టుపక్కల కొండల గురించే ఒక వ్యాజ్యం ఢిల్లీ దాకా వెళ్ళిందనీ, ఆ తీర్పు దేశంలో గనులు తవ్వేవాళ్ళందరికీ నిద్ర లేకుండా చేసిందనీ మనకి గైడు చెప్పడు. టార్చిలైటు వేసి చూపించడానికి అందులో ఏమీ లేదు మరి!

ఆ వ్యాజ్యం సంగతికి తర్వాత వద్దాం. దానికి ముందు ఒక చిన్న ప్రశ్న. న్యాయమూర్తికి అర్థశాస్త్రం రావాలా? చట్టం తెలిస్తే చాలదా? ధర్మాసనం మీద కూర్చున్నాయనకి చింతపండు ధరతో ఏం పని?

ఈ ప్రశ్న అమెరికాలో గట్టిగానే వచ్చింది. అక్కడ హెన్రీ మానీ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 1976లో ఫెడరల్ న్యాయమూర్తులకి అర్థశాస్త్ర తరగతులు మొదలుపెట్టాడు. తలపండిన జడ్జీలు పలకాబలపం పుచ్చుకున్న పిల్లల్లా బెంచీల మీద కూర్చుని డిమాండు, సప్లయి, ధర, పోటీ అన్నీ నేర్చుకున్నారు. పాఠం చెప్పినవాళ్ళూ సామాన్యులు కారు. మిల్టన్ ఫ్రీడ్‌మన్, పాల్ శామ్యూల్‌సన్ వంటి నోబెల్ గ్రహీతలు. 1990 నాటికి ఆ దేశపు ఫెడరల్ న్యాయమూర్తుల్లో నూటికి నలభై మంది ఈ బడిలో చదివినవాళ్ళేనట!

చదువుకుంటే మంచిదేగా అంటారా? మంచిదే. కాని ఏ చదువైనా ఎవరు చెప్పారు, ఏం చెప్పారు అన్నదాన్నిబట్టి ఉంటుంది. ఆ తరగతులకి పెద్ద పెద్ద కంపెనీలూ, ధర్మసంస్థలూ డబ్బిచ్చాయని అప్పట్లోనే విమర్శలొచ్చాయి. ఈ మధ్య ముగ్గురు పరిశోధకులు ఆ జడ్జీల తీర్పులన్నీ తిరగేసి చూశారు. తరగతులకి వెళ్ళొచ్చిన తర్వాత వాళ్ళ తీర్పుల్లో అర్థశాస్త్రం మాటలు పెరిగాయి. కంపెనీలని అదుపుచేసే ప్రభుత్వ సంస్థలకి వ్యతిరేకంగా మొగ్గడమూ పెరిగింది. రెండు మూడు వారాల పాఠం తీర్పుల దిశనే మార్చిందన్నమాట.

అంత దూరం ఎందుకు? మన తూర్పు కనుమల్లో ఈ పాఠశాల దాదాపు రెండువందల ఏళ్ళుగా నడుస్తోంది. తేడా ఏమిటంటే ఇక్కడ పాఠం చెప్పింది ప్రొఫెసర్లు కారు. నెత్తిమీద పసుపు బుట్టతో కొండ దిగి సంతకొచ్చే ఆడవాళ్ళూ, వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న మగవాళ్ళూ. నేర్చుకోవలసింది కోర్టులు. శిష్యుడు మొద్దు కాదుగాని, పాఠం ఒంటబట్టడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

మనం "ఏజెన్సీ", "ఏజెన్సీ" అంటుంటాం కదా, ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా? గ్యాస్ ఏజెన్సీ లాంటిది కాదది. 1830ల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండల్లో వరసగా అల్లర్లు జరిగాయి. జార్జి రస్సెల్ అనే అధికారిని కంపెనీవారు అణచడానికి పంపించారు. ఆయన అణచాడు, అణిచాక ఆలోచించాడు. మైదానంలో నడిచే కోర్టులూ, చట్టాలూ ఈ కొండల్లో నడవవని సిఫారసు చేశాడు. దాంతో 1839లో ఒక చట్టం వచ్చింది. ఆ కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల పరిధిలోంచి తప్పించి, గవర్నరుగారి ఏజెంటు చేతిలో పెట్టారు. ఆ ఏజెంటు ఎవరో కాదు, జిల్లా కలెక్టరే. ఏజెంటు పాలించేది గనక ఏజెన్సీ అయింది.

ఈ ఏర్పాటు ప్రజలమీద ప్రేమతో చేసిందనుకోవడానికి లేదు. కొండల్లో గొడవలు తగ్గితే దొరలకి ఖర్చు తగ్గుతుంది. అయినా ఇందులో ఒక తమాషా ఉంది. శిస్తు వసూలు చేసే కలెక్టరే తగువు తీర్చే జడ్జీ కూడా అయ్యాడు. ఏ పంట ఎప్పుడు చేతికొస్తుందో, ఏ ఏడు కరువో, ఏ షావుకారు ఎక్కడ తిష్ఠ వేశాడో ఆయన దఫ్తరంలో ఉంటుంది. అంటే న్యాయమూర్తికి అర్థశాస్త్రం నేర్పడానికి బదులు, లెక్కలు తెలిసిన మనిషినే న్యాయపీఠం ఎక్కించారు. శిస్తు వసూలు చేసేవాడే శిస్తు తగువు తీర్చడం ఏం న్యాయమని అడిగితే మాత్రం జవాబు లేదు.

1839 చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాలకే. గోదావరి జిల్లాలోని రంప కొండలకి కాదు. అక్కడ ఏం జరిగిందో చూడండి.

రంప కొండల్లో 1879లో పెద్ద తిరుగుబాటు లేచింది. అది గొలుగొండ కొండల మీదుగా విశాఖపట్నం జిల్లాలోకీ పాకింది. కారణాలు చాలా ఉన్నాయి. మన్సబుదారు దౌర్జన్యం ఒకటి. ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లుమీద ఆంక్షలు, పన్ను ఇంకొకటి. మూడో కారణం మనకి సంబంధించినది — సివిలు కోర్టులు. ఈ మాట అన్నది తిరుగుబాటుదారులు కాదు, 1907లో అచ్చైన గోదావరి జిల్లా గెజిటీరు. మైదానపు వ్యాపారులు కొండవాళ్ళతో అన్యాయపు ఒప్పందాలు రాయించుకునేవారట. ఆ ఒప్పందానికి తామే అర్థం చెప్పుకుని, తీరలేదని దావా వేసేవారట. కొండమీది మనిషికి సమను అందినా అందులో ఏముందో తెలియదు. తెలిసినా కోర్టు ఎక్కడో, దారెటో తెలియదు. అతను రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ. ఆ డిక్రీ పట్టుకుని జప్తు. 5 రూపాయల బాకీకి ఒక వ్యాపారి 100 రూపాయల విలువ చేసే పశువుల్నీ, పంటనీ తోలుకుపోయాడని చెప్పుకున్నారని కూడా ఆ గెజిటీరులో ఉంది.

ఆ డిక్రీ ఇచ్చిన మునసబుగారు లంచగొండి అయ్యుండనక్కర్లేదు. చట్టం పుస్తకం ఎదురుగా పెట్టుకునే రాసి ఉంటాడు. నోటు ఉంది, వేలిముద్ర ఉంది, సాక్షులున్నారు, ప్రతివాది రాలేదు. చట్టం ప్రకారం అంతా సక్రమం! కాని రెండో పక్కన అవసరం, ఆకలి, భాష రాకపోవడం ఉన్నప్పుడు ఆ ఒప్పందాన్ని ఒప్పందం అనొచ్చా? ఇదీ ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న. అడగవలసినవాళ్ళు కోర్టుకి రాలేరు. అడిగే చోటు లేక విల్లంబులు పట్టుకున్నారు.

ప్రభుత్వానికి ఈ పాఠం అర్థం కావడానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు పట్టింది. 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం వచ్చింది. కొండజాతి మనిషి దగ్గర ఏడాదికి నూటికి 24 రూపాయలకి మించి వడ్డీ వసూలు చెయ్యకూడదు. చక్రవడ్డీ కూడదు. ఎన్నేళ్ళు గడిచినా మొత్తం వడ్డీ అసలుని దాటకూడదు. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతి మనిషి తన భూమిని బయటివాడికి రాసిస్తే ఆ కాగితం చెల్లదు.

మన భాషలో చెప్పుకోవాలంటే ఏడాదికి 24 అంటే నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ. నోట్లు రాసుకునే వాళ్ళకీ, నగలు కుదువ పెట్టే వాళ్ళకీ రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ అంటే ఏమిటో ఎకనామిక్స్ పుస్తకం చెప్పనక్కర్లేదు. అసలుని మించి వడ్డీ తీసుకోరాదన్న మాట కూడా దొరలు కనిపెట్టింది కాదు. మన పాత ధర్మశాస్త్రాల్లో ఉన్నదే. ఆ లెక్కన 1917 చట్టం మంచి చట్టం. మరి అంత మంచి చట్టం వచ్చాక కొండల్లో అప్పులు తగ్గాయా అంటే, తగ్గలేదు. ఎందుకో కాస్త లెక్క వేసి చూద్దాం.

ఒక ఊహ చేసుకోండి. శ్రావణమాసం. పాత ధాన్యం అయిపోయింది, కొత్త పంట చేతికి రాలేదు. కొండమీది ఇల్లాలు షావుకారు దగ్గరికొచ్చి 10 రూపాయల సరుకు తీసుకుంది — ఉప్పు, బియ్యం, ఒక గుడ్డ. షావుకారు చాలా మంచివాడు. "వడ్డీ ఎందుకమ్మా, సంక్రాంతికి ఒక బుట్ట పసుపు తెచ్చి పడెయ్యి చాలు" అన్నాడు. సంక్రాంతికి బజార్లో బుట్ట పసుపు 20 రూపాయలు. నోటుమీద వడ్డీ సున్నా. అసలు సంగతి ఆరు నెలలకి నూటికి నూరు. ఇది కాక, ఇచ్చిన ఉప్పు తక్కువ తూకం, పుచ్చుకున్న పసుపు ఎక్కువ కుంచం. ఇప్పుడు 1917 చట్టం చేతిలో పట్టుకుని ఏ జడ్జీగారైనా ఏం చెయ్యగలరు? వడ్డీయే లేదు కదా!

ఇక్కడే ఉంది కీలకం. ఆ కొండల్లో అప్పిచ్చేవాడూ, పంట కొనేవాడూ, ఉప్పు అమ్మేవాడూ ముగ్గురూ ఒకడే. ఒక చేతిని చట్టం పట్టుకుంటే రెండో చేత్తో లాగుతాడు. వడ్డీ తగ్గిస్తే ధర తగ్గిస్తాడు, ధర నిలదీస్తే తూకం తగ్గిస్తాడు, తూకం పట్టుకుంటే వచ్చే ఏడు అప్పు పుట్టదంటాడు. చట్టం చదివినవాడికి వీటిలో ఒక్కొక్కటీ ఒక్కొక్క కేసు. సంత చూసినవాడికి అన్నీ కలిపి ఒకే లెక్క.

ఈ లెక్క తెలుసుకున్నవాళ్ళు మన అధికారుల్లోనూ లేకపోలేదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. అది అప్పూ ఇస్తుంది, డిపోల్లో ఉప్పూ పప్పూ అమ్ముతుంది, చింతపండు, అడ్డాకులు, కుంకుడుకాయలు, తేనె కొంటుంది. అంటే షావుకారు చేసే మూడు పనులూ అదే చేస్తుంది! ముల్లుని ముల్లుతోనే తియ్యాలన్నమాట. ఆ సంస్థ ధరలమీదా, ఆలస్యంమీదా ఫిర్యాదులు లేవని కాదు. కాని సంతలో కొనేవాడు ఇంకొకడున్నాడంటే చాలు, మొదటివాడు గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఈ సంగతి కూరగాయల బండి దగ్గర మనకి రోజూ అనుభవమే. రెండో బండి వీధి మలుపులో కనబడగానే మొదటి బండివాడు అర్ధరూపాయి తగ్గించడూ?

మధ్యలో 1922 వచ్చింది. గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు సాయుధ పోరాటం మన పిల్లలకి సినిమా ద్వారా తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుమీద దాడి, 1924 మే 7న ఆయన మరణం మనందరికీ కంఠోపాఠం. కాని తుపాకులు పట్టకముందు ఆయన చేసిన పని ఒకటుంది. దాన్ని ఎక్కువమంది చెప్పుకోరు. తాగుడు మానండి, సర్కారు కోర్టులకి వెళ్ళకండి, మీ తగువులు మీ పంచాయతీల్లోనే తీర్చుకోండి అని ఊరూరా తిరిగి చెప్పాడు. గాంధీగారి సహాయనిరాకరణ పిలుపులో అదొక భాగమే. కాని కొండల్లో ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. ఊరి పంచాయతీలో కూర్చున్న పెద్దకి ఆ ఏడు పసుపు ఎంత పండిందో, ఉప్పు ఏ ధర పలికిందో తెలుసు. ఆయనకి ఎవరూ తరగతులు పెట్టనక్కర్లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో భూబదలాయింపు నిబంధనలు కొత్తగా వచ్చాయి. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకూడదన్నది వాటి సారాంశం. 1960లో వడ్డీ వ్యాపారులని లైసెన్సుల కిందికి తెచ్చారు. అయినా భూములు జారిపోతూనే ఉన్నాయి. పాత తారీఖుల కాగితాలు, బినామీ పేర్లు, మాటమీద కౌలు — మన బుర్రలు ఇలాంటివాటిలో బాగా పనిచేస్తాయి కదా! అప్పుడు 1970 ఫిబ్రవరిలో ఒక సవరణ వచ్చింది. చిన్న సవరణే కాని బ్రహ్మాస్త్రం. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఏదైనా సరే, రుజువయ్యేదాకా అది గిరిజనుడి దగ్గర్నించి వచ్చిందనే అనుకోవాలి. కాదని రుజువు చేసుకునే భారం చేతిలో ఉన్నవాడిదే. అంతేకాదు, ఒక గిరిజనేతరుడు ఇంకొక గిరిజనేతరుడికి కూడా ఆ భూమి అమ్మకూడదు.

మామూలుగా మన చట్టంలో ఫిర్యాదు చేసినవాడే రుజువు తేవాలి. ఇక్కడ తలకిందులు చేశారు. ఎందుకంటే కాగితాలు ఎవరి దగ్గరుంటాయి? చదువొచ్చినవాడి దగ్గర. కరణంతో స్నేహం ఎవరికుంటుంది? వాడికే. కాగితం ఉన్నవాణ్ణే కాగితం చూపించమనడం అన్యాయం కాదు, తెలివి.

కాకతాళీయమేగాని చెప్పుకోవలసిన సంగతి ఇంకోటుంది. అదే 1970లో అమెరికాలో జార్జ్ అకెర్లాఫ్ అనే కుర్ర ఆర్థికవేత్త ఒక వ్యాసం అచ్చువేశాడు. దానికి కొన్నేళ్ళ ముందు ఆయన మన దేశంలో ఒక ఏడాది ఉండి వెళ్ళాడు. బేరంలో ఒకడికి సంగతి తెలిసి, రెండోవాడికి తెలియకపోతే ఆ బజారు ఎలా పాడవుతుందో పాత కార్ల ఉదాహరణతో చెప్పాడు. మన పల్లెల్లో వడ్డీవ్యాపారి వసూలుచేసే భారీ వడ్డీల ప్రస్తావన కూడా ఆ వ్యాసంలో ఉంది. దానికి ఆయనకి 2001లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. తెలిసినవాడూ తెలియనివాడూ సమానంగా బేరమాడలేరన్నదే మన 1970 సవరణ వెనకున్న ఆలోచన కూడా. దానికి బహుమతులు రాలేదు, వ్యాజ్యాలొచ్చాయి.

ఆ వ్యాజ్యాల్లో ఎదుటిపక్షం వాదన వినకుండా కొట్టిపారెయ్యడం మర్యాద కాదు. వాళ్ళలోనూ రెండు మూడు తరాలుగా అక్కడ బతుకుతున్న పేదరైతులున్నారు. చట్టప్రకారం కొన్నవాళ్ళూ ఉన్నారు. పైగా ఇంకో మాట. కొనేవాళ్ళని తగ్గిస్తే భూమి ధర తగ్గుతుంది. ధరలేని భూమిమీద బాంకు అప్పివ్వదు. గిరిజనుణ్ణి కాపాడుతున్నామంటూ అతని ఆస్తి విలువే తగ్గిస్తున్నాం కదా అని వాదించవచ్చు. బి.ఏ. ఎకనామిక్స్‌లో మనం గీసిన గీతల ప్రకారం ఆ మాట తప్పు కాదు.

తప్పెక్కడుందంటే, ఆ గీతల్లో మనిషికి భూమి అమ్మేశాక వేరే బతుకుతెరువు ఉంటుందని ముందే అనేసుకుంటాం. మైదానంలో మనం స్థలం అమ్మితే బాంకులో వేస్తాం, పిల్లకి పెళ్ళి చేస్తాం, ఇంకోచోట ఇల్లు కొంటాం. కొండమీద భూమి అమ్మినవాడు మర్నాడు అదే భూమిలో కూలీ. అతనికది సరుకు కాదు, అమ్మమ్మ పెట్టెలో మంగళసూత్రం లాంటిది. దాని ధర తులం లెక్కన కట్టొచ్చుగాని, విలువ కట్టలేం. సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో 1970 సవరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. శిష్యుడికి పాఠం పట్టుబడుతోందన్నమాట.

ఇక బొర్రా సంగతికొద్దాం.

అనంతగిరి మండలం, బొర్రా పంచాయతీ కొండల్లో కాల్సైటు, మైకా వంటి ఖనిజాలున్నాయి. వాటిని తవ్వుకోమని ప్రభుత్వం ప్రైవేటువాళ్ళకి లీజులిచ్చింది. నిమ్మలపాడు వైపు ఒక పెద్ద కంపెనీ కూడా వచ్చింది. గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనకూడదని అన్నేళ్ళ పోరాటం తర్వాత చట్టం తెచ్చుకుంటే, ప్రభుత్వమే తన భూమి అంటూ కొండల్ని గిరిజనేతరులకి రాసిస్తోంది! సమత అనే స్వచ్ఛంద సంస్థ గిరిజనుల తరఫున కోర్టుకెక్కింది. 1995లో హైకోర్టు కొట్టేసింది. సంస్థ ఢిల్లీ వెళ్ళింది.

ప్రశ్న చూడ్డానికి చాలా చిన్నది. 1970 సవరణలో "వ్యక్తి" ఎవరూ గిరిజనేతరులకి బదిలీ చెయ్యకూడదని ఉంది. ఆ "వ్యక్తి"లో ప్రభుత్వం కూడా చేరుతుందా? వ్యాకరణం ప్రశ్నలా ఉంది కదూ! దానిమీదే కొండలు నిలవాలా, కూలాలా అన్నది ఆధారపడింది.

1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు, కె. రామస్వామి, ఎస్. సగీర్ అహ్మద్, ప్రభుత్వం కూడా వ్యక్తేనన్నారు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు వాళ్ళకిచ్చిన గనుల లీజులు చెల్లవన్నారు. మూడో న్యాయమూర్తి జి.బి. పట్నాయక్ ఒప్పుకోలేదు. ఆ నిబంధనల్లో వ్యక్తి అంటే ప్రభుత్వం కాదని విడిగా రాశారు. ఆ వాదమూ తీసిపారేసేది కాదు. తర్వాత 2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టులోని మరో ధర్మాసనం సమత తీర్పు సరైనదేనా అని గట్టి సందేహాలు వెలిబుచ్చింది కూడా.

కాని నాకు ఆ తీర్పులో నచ్చింది వ్యాకరణం కాదు, లెక్క. భూమి గిరిజనుడికి తిండి, గౌరవం, ఇల్లు, పని అన్నీనని మెజారిటీ తీర్పు వివరంగా చెప్పింది. గనులు అసలే తవ్వొద్దనలేదు. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థగాని, గిరిజనుల సహకార సంఘాలుగాని తవ్వుకోవచ్చు. తవ్వితే నికరలాభంలో కనీసం నూటికి 20 రూపాయలు పక్కన పెట్టి అక్కడి నీళ్ళకీ, బడులకీ, ఆసుపత్రులకీ, రోడ్లకీ ఖర్చు చెయ్యాలంది. పాడైన అడవిని తిరిగి పెంచే ఖర్చు దీనికి అదనం. అంటే ఖనిజం తవ్వగా వచ్చే లాభనష్టాల పట్టికలో అంతదాకా ఎవరూ రాయని ఒక వరసని కోర్టు తన చేత్తో రాసింది — ఆ కొండమీద ఉన్నవాడు పోగొట్టుకునేదెంత? 1879లో 5 రూపాయల డిక్రీ ఇచ్చిన కోర్టుకీ, ఈ కోర్టుకీ మధ్య నడిచిన దూరం ఆ ఒక్క వరసలో ఉంది.

ఆ లెక్కలోనూ ఒక లొసుగుంది. మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. "నికరలాభం" అంటే ఎవరు చెప్పాలి? కంపెనీ గుమాస్తాలు. కార్లూ, కాన్ఫరెన్సులూ, విదేశీ ప్రయాణాలూ అన్నీ ఖర్చుల్లో రాసేస్తే నికరలాభం శూన్యం అవుతుంది. శూన్యంలో నూటికి 20 కూడా శూన్యమే! 2015లో పార్లమెంటు గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధులు పెట్టినప్పుడు ఈ సంగతి తప్పించుకుంది. గని దెబ్బతిన్న ఊళ్ళ వాటాని లాభంమీద కాక, ప్రభుత్వానికి కట్టే రాయల్టీ మీద లెక్కకట్టమంది. ఖనిజం లారీ ఎక్కిందంటే రాయల్టీ కట్టాల్సిందే. లారీని లెక్కల్లో దాచడం లాభాన్ని దాచినంత తేలిక కాదు. ఆ నిధులు ఆ ఊళ్ళకే చేరేలా చూడడం వేరే పోరాటం.

ఆర్థికవేత్తల్లో రొనాల్డ్ కోస్ అనే పెద్దమనిషి ఉన్నాడు. పశువులు పక్కచేను మేస్తే నష్టం ఎవరు భరించాలని 1960లో ఒక వ్యాసం రాసి, చట్టాన్నీ అర్థశాస్త్రాన్నీ ముడివేశాడు. 1991లో నోబెల్ అందుకున్నాడు. బేరమాడుకోవడానికి ఖర్చేమీ లేకపోతే, హక్కు ఎవరికిచ్చినా ఇద్దరూ మాట్లాడుకుని ఇద్దరికీ లాభమైన చోటికే చేరతారన్నది ఆయన పేరుమీద ప్రచారమైన సూత్రం. చాలామంది అంతవరకే చదివి సంతోషిస్తారు. లోకంలో బేరానికి ఖర్చు ఉంటుందనీ, ఆ ఖర్చు సంగతి చూడమనీ ఆయనే చెప్పాడు. నిమ్మలపాడు మనిషి బేరానికి కూర్చోవాలంటే కొండదిగి విశాఖపట్నం రావాలి, అక్కణ్ణించి ఆనాటి హైకోర్టున్న హైదరాబాదు వెళ్ళాలి, అదీ అయితే ఢిల్లీ వెళ్ళాలి. రైలు టికెట్టు, వకీలు ఫీజు, పోయిన కూలి, తనది కాని భాష. అతని పక్కన ఈ ఖర్చులన్నీ ఉండగా, అవతలి పక్కన కంపెనీ ఉండగా, హక్కు ఎవరికిచ్చినా ఒకటే ఎలా అవుతుంది? బేరం ఖరీదైన చోట హక్కు ఎవరిదన్నదే సర్వస్వం.

అందుచేత మొదటి ప్రశ్నకి జవాబు — న్యాయమూర్తులకి అర్థశాస్త్రం కావాలి, తప్పకుండా కావాలి. మన ఐదేళ్ళ లా కోర్సుల్లో అర్థశాస్త్రం ఒక పాఠమే. భోపాల్‌లో న్యాయమూర్తులకి శిక్షణనిచ్చే జాతీయ అకాడమీ ఉంది. విశాఖపట్నం పక్కనే సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కణ్ణించి కొండలు ఎంతో దూరం లేవు. గీతలూ, సూత్రాలూ చెప్పండి. ఫ్రీడ్‌మన్‌నీ, కోస్‌నీ, అకెర్లాఫ్‌నీ అందర్నీ చదివించండి. దాంతోపాటు ఒక్కరోజు ఆ పిల్లల్ని అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఏదో ఒక సంతకి తీసుకెళ్ళండి. తెల్లారకముందే బుట్టతో బయల్దేరి వచ్చిన ఆమె దగ్గర ఒక్క గంట కూర్చోబెట్టండి. ఎంతకి కొన్నారు, ఎవరు కొన్నారు, ఆ డబ్బులో ఎంత పాత బాకీ కింద పోయింది, ఎంత ఉప్పుకీ బస్సుకీ పోయింది, ఇంటికెంత చేరిందో రాసుకోమనండి.

ఇదంతా జడ్జీలకీ, వకీళ్ళకీ చెప్పవలసింది, మనకెందుకంటారా? మన ఇంట్లో చారులో వేసే చింతపండు, శుభకార్యాల్లో విస్తళ్ళు కుట్టే అడ్డాకు, తలంటికి నానబెట్టే కుంకుడుకాయ, పొద్దున్నే తాగే అరకు కాఫీ — ఇవన్నీ ఆ సంతలోంచి వచ్చినవే. ఆ బేరానికి అవతలి చివర కూర్చున్నది మనమే. ఆ ఇల్లాలికి ఎంత ముట్టిందన్న లెక్క కోర్టు అడిగేదాకా ఆగనక్కర్లేదు. కొనేటప్పుడు మనం కూడా అడగొచ్చు.